నిలుచుండి వినిన పాట

సంస్కృతము చదువుకొని, ఇంగ్లీషు పాఠములు చెప్పి పొట్టపోసికొను బడిపంతులును, "మీకు మిక్కిలి ఇష్టమైన సంగీతవిద్వాంసు లెవరు?" అని యెవరైన నడిగినచో, అతడు త్యాగరాజకృతులు పాడు ఏ మహావిద్వాంసుని పేరో చెప్పునని లోకము తలచును. లోకము తలచినట్లే నేనును ఇరువదియేండ్లు సమాధానము చెప్పుచు వచ్చితిని. ఆ సమాధానము అసత్యము. నాకు మిక్కిలి ఇష్టులైన సంగీతకారులు అమెరికాలో పుట్టిన నల్లజాతివారు. జార్జి క్లింటన్ అని పేరు. ఆయన సంగీతమును ఫంక్ అందురు. 2022వ సంవత్సరపు వేసవిలో ఆయనను కన్నులార చూచి, చెవులార వింటిని. ఆ రాత్రి నాకు కలిగిన సంతోషమును, ఆ సంతోషము వెంటనే వచ్చిన సిగ్గును చదువరులతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1998లో విశాఖపట్టణమున చదువుకొనుచుండగా ఒక క్యాసెట్టు చేతులు మాఱి మాఱి నా గదికి వచ్చినది. పైనున్న చీటీ చెఱగిపోయి పేరు తెలియకుండెను. ఆ రాత్రి నేను మేఘసందేశమునకు మల్లినాథుని వ్యాఖ్య చదువుచుంటిని. విసుగు పుట్టి ఆ క్యాసెట్టు పెట్టితిని. పది నిమిషములు విని నవ్వితిని. అరగంట విని నవ్వు మానితిని. గంట గడచునప్పటికి మల్లినాథుడు మూతబడియుండెను. నా కాలు నా యనుమతి లేకయే నేలను కొట్టుచుండెను. అది పార్లమెంట్ అను బృందము 1975లో వెలువరించిన 'మదర్‌షిప్ కనెక్షన్' అని తెలియుటకు నాకు కొన్ని నెలలు పట్టినది. ఆ బృందమునకు నాయకులు క్లింటన్‌గారు. నాటినుండి నేడు వఱకు ఆ సంగీతము నన్ను విడువలేదు. నేనే దానిని బడిలోను, బంధువులలోను దాచుచు వచ్చితిని.

ఫంక్ అనగా నేమో ఎఱుగనివారికి కొంచెము చెప్పవలెను. ఆ దేశపు జనప్రియసంగీతమున నాలుగు దెబ్బల ఆవర్తములో రెండవ దెబ్బకును, నాలుగవ దెబ్బకును ఊనిక యుండుట వాడుక. 1960ల నడుమ జేమ్స్ బ్రౌన్ అను గాయకులు ఆ ఊనికను మొదటి దెబ్బకు మార్చిరి. మొదటి దెబ్బ దగ్గఱ వాద్యములన్నియు కలియవలెను. తక్కిన మూడు దెబ్బలలో ఎవరి దారిని వారు పోవచ్చును. మన తాళములో సమమునకు ఉన్న గౌరవము వంటిదే ఈ మొదటి దెబ్బకు ఫంక్‌లో నున్న గౌరవము. గిటారు గాని, బాకా గాని, కంఠము గాని, ప్రతిదియు అందు మృదంగమువలె పలుకును. రాగవిస్తారము స్వల్పము, విస్తారమంతయు లయలోనే. బేస్ గిటారు వాయించు బూట్సీ కాలిన్స్, సాక్సఫోను ఊదు మేసియో పార్కర్, ట్రాంబోను ఊదు ఫ్రెడ్ వెస్లీ, వీరందఱు మొదట బ్రౌన్‌గారి కొలువున నుండి, 1970లలో క్లింటన్‌గారి కడకు వచ్చిరి. ఆ కట్టుదిట్టమైన లయకు ఈయన హాస్యమును, వేషమును, వింతకథలను జోడించిరి. 1976 మొదలుకొని ఆయన సభలలో ఒక ఆకాశనౌక పొగలు చిమ్ముచు రంగస్థలముమీదికి దిగెడిది. అందుండి ఆయన వెలువడెడివారు. నల్లవాడు ఉండునని అమెరికా ఎన్నడును ఊహింపని చోట, నక్షత్రములనడుమ, నౌకాధిపతిగా తనవానిని నిలుపుట ఆ వేడుకలోని అంతరార్థము. తరువాతికాలమున చేయించిన అట్టి నౌక యొకటి వాషింగ్టనులో 2016లో తెఱవబడిన ఆఫ్రికన్ అమెరికనుల చరిత్రప్రదర్శనశాలలో నున్నది.

ఇదంతయు ఎఱిగియు నేను ఎఱుగని సంగతి యొకటి మిగిలియుండెను. 2014లో ఆయన ఆత్మకథ అచ్చయినది. తెప్పించుకొని చదివితిని. ఆయన 1941లో ఉత్తర కరొలీనాలో పుట్టి, న్యూజెర్సీలో పెరిగి, ప్లెయిన్‌ఫీల్డు అను ఊర క్షౌరశాల నడిపినవారు. తలవెండ్రుకలు దువ్వి చక్కజేయుట ఆయన వృత్తి. ఆ క్షౌరశాలయే ఆయన బృందమునకు ఇల్లు. వచ్చిన పోయిన వారి నడుమ, కత్తెర చప్పుడు నడుమ, గొంతులు కలిపి పాడుకొన్న చోటది. 1967లో వారి పాట యొకటి దేశమంతట మ్రోగు వఱకు ఆ కత్తెరయే వారికి అన్నము పెట్టినది.

ఆ మాట చదివి పుస్తకము మూసితిని. కారణము చెప్పెదను.

తెలుగుదేశమున పెండ్లికిని దేవునికిని సన్నాయి మంగళవాద్యము. దానిని తరతరములుగా నిలిపినవారిలో నాయీబ్రాహ్మణులు ముఖ్యులు. ఉదయమున కత్తి పట్టిన చేయియే సాయంకాలము సన్నాయి పట్టినది. పేరులోనే మంగళము వినబడు ఆ కులము పేరును మనము తిట్టుగా వాడుకొంటిమి. కృష్ణా డెల్టాలోని మా ఊర అట్టి పెద్దవారొకరుండిరి. మా తాతగారికి ముప్పదియేండ్లు క్షౌరము చేసిరి; మా ఊరి గుడిలో అంతకంటె ఎక్కువకాలము సన్నాయి వాయించిరి. ఆయన ఊదనిదే స్వామి పల్లకి కదలదు. ఆయన మా యింటికి వచ్చునప్పుడు మాత్రము పెరటిదారియే దారి. ఆయనకంటె పదియేండ్లు చిన్నవారైన మా తండ్రిగారు ఆయనను "ఏరా" అని పిలుచువారు. బడికి పోవు నన్ను ఆయన "చినపంతులుగారూ" అని పిలుచువారు. ఇప్పుడు 'ఆయన' యని వ్రాయుచున్నాను గాని, ఆయన బ్రతికియుండగా ఆ మాట నా నోట రాలేదు. నా పాత దినచర్యపుస్తకములు తిరుగవేసి చూచితిని. క్లింటన్‌గారిని గూర్చి వ్రాసిన చోటులనెల్ల 'ఆయన' అని యున్నది. మా ఊరి పెద్దవారిని గూర్చి వ్రాసిన రెండు చోటులను 'వాడు' అని యున్నది. ఇద్దఱును క్షురకులే, ఇద్దఱును సంగీతకారులే. ఏడుసముద్రముల కావలివానికి ఇచ్చిన గౌరవము పెరటివాకిటికి వచ్చినవానికి ఇయ్యలేకపోతిని.

ఇంతమాత్రమే యైన నేను మఱచియుందును. 2004లో మా చెల్లెలి పెండ్లి జరిగినది. ముహూర్తము తెల్లవారుజామున మూడుగంటలకు. రాత్రి పదిగంటలనుండి సన్నాయిమేళము. పనులతో అలసి నేను మేడమీది గదిలో నడుము వాల్చి, వాక్‌మన్ చెవులకు తగిలించుకొని క్లింటన్‌గారి పాట పెట్టుకొంటిని. క్రింద పందిరిలో ఆయన గంటకు పైగా కాంభోజిరాగము వాయించిరట. ముహూర్తమునకు ఎవరో లేపగా దిగి వచ్చితిని. తలంబ్రాలు ముగిసిన తరువాత ఆయన నా యెదుటికి వచ్చి, "చినపంతులుగారూ, కాంభోజి ఎట్లా వచ్చిందండీ? శాస్త్రం చదువుకున్నవారు, మీరు చెప్పాలి" అని యడిగిరి. "చాలా బాగుంది" అంటిని. ఆ వృద్ధుని ముఖమున ఎంత వెలుగు వచ్చినదో నేటికిని నాకు కనబడును. బంతులన్నియు లేచిన పిమ్మట, పందిరి వెనుక పశువుల కొట్టము ప్రక్కను మేళమువారికి ఆకులు వేసిరి. పట్నమునుండి వచ్చిన బ్యాండువారికి ముందే చెల్లించిన పైకమునుండి రూపాయి తగ్గలేదు. మేళమువారికి ఒప్పుకొన్న దానిలో మాత్రము బేరమాడిరి. నేను చూచుచుంటిని. ఆ సంవత్సరమే బడిలో సమానత్వమును గూర్చి వ్యాసరచనపోటీ పెట్టి బహుమతులు పంచినవాడను. నోరు మెదపలేదు.

నేను ఆత్మకథ చదువునప్పటికి ఆయన గతించి మూడేండ్లయినది.

ఆ చెల్లెలే న్యూజెర్సీలోని ఎడిసన్ పట్టణమున కాపురమున్నది. తెలుగుమాట అంగళ్ళలో ధారాళముగా వినబడు ఊరది. 2022లో వేసవిసెలవులకు నన్ను పిలిపించినది. ప్లెయిన్‌ఫీల్డు అక్కడికి కొద్ది మైళ్ళ దూరమే యని తెలిసి, మొదటి ఆదివారమే బావగారిని వెంట దీసికొని పోయితిని. క్లింటన్‌గారి నాటి అంగడిని నేను వెదుకలేదు. వీథిలో కనబడిన యొక క్షౌరశాలలోనికి పోయి కూర్చుంటిని. ఆరుగురు వరుస కొఱకు కూర్చుండి ముచ్చటలాడుచుండిరి. యజమాని నల్లజాతివాడు, నా యీడువాడు. వచ్చినవారు ఆయనను పేరు పెట్టి పలుకరించి చేయి కలుపుచుండిరి. పిల్లవాని నొకనిని బడి మార్కులు అడిగి ఆయన మందలించుచుండగా ఆ పిల్లవాని తండ్రి తల యూచుచుండెను. బానిసత్వము తొలగిన తరువాతను నల్లవాడు తెల్లవాని కొలువు చేయక తనకు తాను యజమానిగా బ్రతుకగలిగిన కొద్ది వృత్తులలో క్షౌరము ఒకటి. అందుచేత ఆ అంగడి వారికి రచ్చబండయు, పాటశాలయు నయినది. నా మెడమీద కత్తి యాడించుచు ఆ యజమాని సన్నగా పాడుకొనుచుండెను. కండ్లు మూసికొని వింటిని. ఏ రాగమని అడుగలేదు. ఆ యడుగు నధికారము పోగొట్టుకొన్నవాడను.

ఆ దేశము నిర్దోషి యని చెప్పుటకు ఇది వ్రాయలేదు. నల్లవారి పాటను ముందుగదికి పిలిచి, పాటగానిని వెనుకవాకిట నిలిపిన దేశమే యది. ఆ నిషేధమును చట్టమున కొట్టివేయుటకు 1964 రావలసివచ్చెను. అటుపిమ్మటి మూడవయేట, 1967 జూలైలో, ప్లెయిన్‌ఫీల్డులోనే ఘోరమైన అల్లరులు జరిగినవి. మన పశువులకొట్టమును, వారి వెనుకవాకిలియు అక్కచెల్లెండ్రు.

తరువాతి శనివారము సాయంకాలము మా పదునాఱేండ్ల మేనల్లుడు నాకు తోడు వచ్చెను. సభ జరుగు నగరము కొన్ని గంటల ప్రయాణము. బావగారు కారు నడుపుచుండగా, ఆ బాలుడు, "మామయ్యా, అమ్మ పెళ్ళి వీడియోలో ఒక తాతగారు పెద్ద సన్నాయి వాయిస్తుంటారు కదా, కాని పాట వినపడదు, సినిమా పాటలే వినపడతాయి. ఆయన నిజంగా ఏం వాయించారు?" అని యడిగెను. వీడియో తీసినవాడు ఆనాటి వాడుక చొప్పున అసలు చప్పుడంతయు తీసివేసి సినిమాపాటలు పెట్టియుండెను. ఆ కాంభోజి ఎక్కడను లేదు. విన్నవారిలో చాలమంది లేరు. వినవలసినవాడు మేడమీద నుండెను. "కాంభోజి" అని మాత్రము చెప్పి, కిటికీవంక తిరిగితిని.

సభాశాలలో కుర్చీలు లేవు. వేయిమందికి పైగా నిలుచుండి యుండిరి. సభయనగా చాపమీద కూర్చుండి తొడమీద తాళము వేయుటగా ఎఱిగిన నాకు, ఎక్కడ నిలుచుండవలెనో, చేతులేమి చేయవలెనో తెలియలేదు. యువకులకంటె నడివయసువారును, ముదుసళ్ళును ఎక్కువమంది కనబడిరి. నా ప్రక్కను డెబ్బదియేండ్ల నల్లజాతి స్త్రీ యొకతె కొడుకు భుజమును పట్టుకొని నిలుచుండెను. 1977లో ఆ ఆకాశనౌక దిగుట తన భర్తతో కూడ చూచితిననియు, ఆయన పోయిన తరువాత కొడుకును వెంటబెట్టుకొని వచ్చుచున్నాననియు చెప్పెను. నేను భారతదేశమునుండి వచ్చిన బడిపంతులనని విని, "ఇంత దూరమా!" అని నవ్వెను.

వాద్యములు మొదలయినవి. రంగస్థలముమీద పదునైదుగురికి తక్కువ లేరు. అందు కొందఱు క్లింటన్‌గారి సంతతివారే. మొదటి దెబ్బ పడినప్పుడు ఆ శబ్దము నాకు చెవిలో గాక రొమ్ములో వినబడినది. ఇరువదినాలుగేండ్లు క్యాసెట్టులోను, ఫోనులోను వినిన సంగీతము చెవికి మాత్రమే యని యెంచియుంటిని. అది నేల గుండ వచ్చి కాళ్ళనుండి పైకి ప్రాకునని నాకు తెలియదు. అలవాటుచొప్పున కుడిచేయి తొడమీద ఆవర్తములు లెక్కపెట్టుచుండెను. ప్రక్కనున్న ముసలామె చూచి, "ఏం లెక్కపెడుతున్నావు నాయనా? మొదటిది వస్తే నీకే తెలుస్తుంది" అను నర్థము వచ్చునట్లు ఇంగ్లీషున అని, నా చేతిని తొడమీదనుండి మెల్లగా తీసివేసెను.

కొంతసేపటికి ఆయన వచ్చిరి. ఎనుబదియేండ్లు నిండిన వృద్ధులు. తలమీద మెఱయు టోపీ, నడక నెమ్మది. వేయి గొంతులు ఒక్కసారి అఱచినవి. నాకు మాట రాలేదు. తరువాత ఆయన పాడ మొదలుపెట్టిరి. చదువరులారా, నిజము చెప్పవలెను: నా మనస్సు చివుక్కుమన్నది. క్యాసెట్టులోని కంఠము అది కాదు. గొంతు బొంగురుపోయి, మాటలు సగము నోటనే నిలిచిపోవుచుండెను. రెండు పాటలు గడచునప్పటికి ఆయన ఒక కుర్చీలో కూలబడిరి. ఇందుకా ఇంత దూరము వచ్చితిని, ఇంటనే యుండి పాత పాట వినుచుండిన ఆ కంఠము నాకు చెడకుండ మిగిలియుండెడిది గదా, అనుకొంటిని.

అంతలో గమనించితిని. ఆయన పాడుట తక్కువ, పాడించుట ఎక్కువ. మనుమలయీడు పిల్లలను ఒక్కొక్కరినే వ్రేలితో చూపి ముందునకు పిలుచుచుండిరి. పిల్ల పాడుచుండగా తాను ప్రక్కకు తొలగి, తల వంచి, బడిలో క్రొత్తగా చేరిన శిష్యునివలె వినుచుండిరి. మరల లేచి, రంగస్థలము అంచునకు వచ్చి, చేయి పైకెత్తిరి. వేయి చేతులు లేచినవి. చెవికి చేయి చేర్చిరి. వేయి గొంతులు పల్లవి నందుకొన్నవి. ఆయన గొంతు పోయినదని నేను విచారించుచుంటిని. పోయిన గొంతు ఎక్కడికి పోయినదో అప్పుడు తెలిసినది. అది వేయి గొంతులలోనికి పోయినది. వాక్‌మన్‌లో ఒంటరిగా వినువానికి ఈ సంగతి తెలియు మార్గము లేదు. పాటగానికి చేయవలసిన పని యొకటి యున్నట్లే, వినువానికి చేయవలసిన పని యొకటి యున్నది. అచ్చటనుండుట ఆ పనిలో మొదటిది.

నేను ఆడితిని. ఆ మాట వ్రాయుటకు సిగ్గుపడను. నలుబది దాటిన పంతులు కాళ్ళెత్తి గెంతులువేయుచుండగా మేనల్లుడు ఫోనులో పట్టుకొనెను. అది మా బడి పిల్లల తల్లిదండ్రుల చేత పడకుండ చూడుమని మాత్రము వానిని వేడుకొంటిని.

సభ నడుమ దీపములు తగ్గించిరి. గిటారు వాద్యకాడొకడు ఒంటరిగా ముందుకు వచ్చెను. 1971లో వెలువడిన 'మాగట్ బ్రెయిన్' వాయించిరి. మొదట దానిని వాయించినవారు ఎడ్డీ హేజెల్, ప్లెయిన్‌ఫీల్డులో పెరిగినవారే, 1992లో మరణించిరి. మాటలు లేవు, డ్రమ్ములు లేవనిపించునంత తక్కువ. ఒక్క తంత్రి పది నిమిషములు ఏడ్చి, ఊఱట చెంది, మరల ఏడ్చినది. అది ఆలాపన. ఎవరెన్ని పేర్లు పెట్టినను అది ఆలాపనయే. అంతసేపు గంతులువేసిన జనము కదలక మెదలక నిలుచుండిరి. ముసలామె కన్నీరు తుడుచుకొనుచుండెను. భర్త తలపునకు వచ్చియుండును. నాకును కన్నీరు వచ్చినది. నాకు తలపునకు వచ్చినది కాంభోజి. ఒక వృద్ధుడు ముహూర్తమునకు ముందు, నిద్రకు తూగు పెండ్లివారి నడుమ, డోలు నాపించి ఇట్లే ఒంటరిగా ఊదియుండును. తాను చదువుకొన్నవాడనుకొన్న ఒక్కడు వినుచున్నాడను నమ్మికతో ఊదియుండును. ఆ ఒక్కడు ఆ సమయముననే మేడమీద పండుకొని, ఈ సంగీతమునే వినుచు, దీనిని ప్రేమించు రసికుడనని గర్వించుచుండెను. శాస్త్రమున సహృదయుడను మాటకు నేను పది లక్షణములు అప్పగింపగలను. ఆ రాత్రి సహృదయులు పందిరిలో ఎవరైన నుండిరేమో గాని, మేడమీద లేరు.

సభ ముగిసిన తరువాత ముసలామె నన్ను కౌగిలించుకొని వెడలిపోయెను. దారిపొడవునను నేను మాటలాడలేదు. "నచ్చలేదా మామయ్యా?" అని మేనల్లుడు రెండుసారులు అడిగెను.

ఇంటికి తిరిగివచ్చిన మఱుసటి వారము ఆ పెద్దవారి మనుమని అంగడికి పోయితిని. ఊరి నడివీథిలో చల్లనిగాలి యంత్రము గల చక్కని సెలూను. గోడకు తాతగారి పటము, దాని క్రింద గుడ్డసంచిలో సన్నాయి. అతడు నన్ను చూచి లేచి కుర్చీ చూపెను. జరిగినదంతయు చెప్పితిని. నేను ఆనాడు కాంభోజి వినలేదనియు, అబద్ధమాడితిననియు చెప్పితిని. అతడు చాలసేపు మాటలాడక దువ్వెన తుడుచుచుండెను. పిమ్మట సంచిని దింపి సన్నాయి చూపెను. నోటనుంచుకొను రెల్లుముక్క ఎండి చీలిపోయియుండెను. "నీవు నేర్చుకొనలేదా?" అని యడిగితిని.

"తాత నేర్పుతానన్నాడండీ. నేనే వద్దన్నాను. మీ చెల్లెలిగారి పెళ్ళికి నేనూ వచ్చాను, తొమ్మిదేళ్ళవాణ్ణి. తాళాలు వేశాను. అన్నం ఎక్కడ పెట్టారో చూశాను. ఇక్కడ కుర్చీలో కూర్చున్నవాడు డబ్బిచ్చి, అండీ అని వెళ్తాడు. సన్నాయికి ఆ పాటి మర్యాద లేదు కదండీ."

కోపముతో చెప్పలేదు. నాకు క్షౌరము చేయవలెనా యని యడిగినంత నెమ్మదిగా చెప్పెను. ఒక విద్య ఎట్లు అంతరించునో పండితులు సభలలో చర్చింతురు. సినిమాలవలన ననియు, యంత్రములవలన ననియు, యువకుల నిర్లక్ష్యమువలన ననియు తీర్మానింతురు. మా ఊర అది ఎట్లు అంతరించినదో నాకు ఇప్పుడు నిశ్చయముగ తెలియును. తొమ్మిదేండ్ల బాలుడొకడు పశువుల కొట్టము ప్రక్కను కూర్చుండి అన్నము తినినప్పుడు అంతరించినది.

నాట్యశాస్త్రము కడపటి యధ్యాయములలో ఒక కథ యున్నది. భరతముని కుమారులు ఋషులను పరిహసింపగా, ఋషులు వారిని శపించిరనియు, నాటినుండి ఆ నటులు శూద్రత్వము పొందిరనియు ఆ కథ. విద్యార్థిగా నేను దానిని పరీక్షకు కంఠస్థము చేసితిని. ఇప్పుడు వేఱుగా చదువుచున్నాను. ఆట కావలెను, ఆడువాడు క్రిందనుండవలెను అను కోరిక మనకు ఎంత పాతదో ఆ కథ చెప్పుచున్నది. కోరిక మనది, శాపమని పేరు పెట్టి ఋషుల నెత్తిన వేసితిమి.

2024లో మా అన్నగారి కుమార్తె పెండ్లి. మా ఊర సన్నాయి లేదు గనుక పొరుగూరినుండి మేళమును పిలిపించితిని. అడిగిన పైకము ముందుగా ఇచ్చితిని. మొదటి బంతిలో పెండ్లివారితో పాటు వారికి ఆకులు వేయింతునని అన్నగారితో చెప్పగా, "ఊళ్ళో పెద్దలేమంటారురా?" అనిరి. పెద్దలు ఇద్దఱు లేచి పోయిరి. వారికి పెరుగు, పులిహోర ఇంటికి పంపించితిమి, తినిరనియే విన్నాను. సెలూను నడుపు ఆ మనుమనిని స్వయముగా పోయి పిలిచితిని. అతడు వచ్చి వెనుకవరుసను కూర్చుండెను. మేళమువారిలో పదునాలుగేండ్ల పిల్లవాడొకడుండెను. అతనికి మొదటి బంతిలో నా ప్రక్కనే ఆకు వేసిరి. చుట్టును బెదరుచూపులు చూచుచు నెమ్మదిగా తినెను.

ముహూర్తమునకు ముందు పెద్ద విద్వాంసుని యొద్దకు పోయి, "అయ్యా, కాంభోజి వాయించెదరా?" అని యడిగితిని. ఆయన నన్ను ఎగాదిగ చూచి, "వింటారా?" అనిరి.

"వినుటకే వచ్చితిని" అంటిని.

ఆయన వాయించినంతసేపు ఎదుట నిలుచుంటిని. ఫోను ఇంట పెట్టి వచ్చితిని. చేయి తొడమీదకు పోబోగా ముసలామె తలపునకు వచ్చి ఆపితిని. ఆలాపన ముగిసి డోలు అందుకొన్నప్పుడు, మొదటి దెబ్బ రొమ్ములో పడినది. వెనుకకు తిరిగి చూచితిని. ఆ మనుమడు కూడ వెనుకవరుసను వదలి ముందునకు వచ్చి, నిలుచుండియే వినుచుండెను.